నీళ్లు పోసుకున్న మాట

"పేరు చెప్పు యాదక్కా. పేరు చెప్తే ఇప్పుడే దవాఖానకు తీస్కపోదాం. చెప్పకపోతే ఈడనే ఉండు."

తెల్లవారినప్పటి నుంచి పెద్దయ్య ఈ మాట అనడం ఇది నాలుగోసారి. ప్రతిసారీ గొంతు పెంచకుండా, ఎంతో మర్యాదగా అంటున్నాడు. ఆ మర్యాదే కోడలు సింధూజను ఎక్కువ భయపెడుతోంది.

యాదక్క వడ్ల బస్తాల పక్కన, ఒళ్లో రెండు దిండ్లు పెట్టుకుని వాటి మీదికి వంగి కూర్చుంది. మూడు రోజులుగా పడుకోలేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదు.

పెద్దయ్య ఆమె పెనిమిటికి అన్న. తమ్ముడు పోయి ఏడేళ్లు. అప్పటి నుంచి ఆయన అన్నం తన ఇంట్లో తిని, పెత్తనం ఈ ఇంట్లో చేస్తాడు. చెడ్డవాడు కాదు. ఇంటి పరువు తన భుజం మీదే ఉందని నమ్మినవాడు, అంతే. అలా నమ్మినవాళ్లతో వేగడం చెడ్డవాళ్లతో వేగడం కన్నా కష్టం.

"బావను ఎదురుంగ కూసోబెట్టుకొని గట్ల మూగదాని లెక్క ఉంటే ఏమనుకోవాలె? లేదు అనన్న అను. అయ్యింది అనన్న అను."

"లేదని మొన్ననే అన్నది పెద్దబాపు," అంది సింధూజ.

"నువ్వు నడుమల రాకు. మాట మోసుకొచ్చిందే నువ్వు."

అది నిజం. సింధూజ తల దించుకుంది.

వాకిట్లో సింధూజ మొగుడు అరుణ్‌కుమార్ ఆటో తుడుస్తున్నాడు. గోదావరికి మహారాష్ట్ర వైపున్న అంకిస నుంచి సిరొంచకు రోజూ నాలుగు ట్రిప్పులు తిప్పేవాడు రెండు రోజులుగా బండి కదిలించలేదు. గుడ్డ తడపడం, తుడవడం, మళ్లీ తడపడం. కొన్న నాటి నుంచి ఆ ఆటో ఇంత శుభ్రంగా ఎన్నడూ లేదు. సోమవారం సాయంత్రం నుంచి తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె కూర్చున్న గదిలోకి కూడా రాలేదు.

సోమవారం జరిగింది ఇది.

సిరొంచ బస్టాండు వెనక ట్రస్టువాళ్లు పెట్టిన చిన్న దవాఖాన ఉంది. నెల రోజులుగా అత్తకు ఆయాసం, తిన్నది కక్కడం, కడుపు ఉబ్బరం. సింధూజ బతిమాలి తీసుకెళ్లింది. అక్కడ డాక్టర్ ప్రణాలి, వార్ధా వైపు మరాఠీ పిల్ల, ముప్పై కూడా ఉండవు. నాడి చూసి, మెడ చూసి, కాళ్ల వాపు నొక్కి చూసి, "సోనోగ్రఫీ చేస్తాను" అంది.

ఆ మాటకు సింధూజ సోనోగ్రఫీ గది తలుపు వైపు చూసింది. ఆ గది ఆమెకు తెలియనిది కాదు. పెళ్లయిన మూడేళ్లలో రెండుసార్లు ఆ బల్ల మీద పడుకుంది, రెండుసార్లూ కడుపు నిలవలేదు. తలుపు మీద కడుపులో పిల్ల బొమ్మ. పక్కనే 'ఆడా మగా చెప్పబడదు' అని మరాఠీలో బోర్డు. అంకిసలో సోనోగ్రఫీ అంటే కడుపుతో ఉన్నవాళ్లకే. ఇంకెవరికైనా చేస్తారని ఎవరూ అనుకోరు.

అరచేతిలో ఇమిడే మిషన్ ఒకటి, దాని తీగ చివర పలక లాంటి తెర. డాక్టరమ్మ జిగురు రాసి మిషన్‌ను రొమ్ముల కింద, కడుపు మొదట్లో ఆనించింది. తెర వైపు చూస్తుండగా ఆమె ముఖం మారింది. ఆ రోజు తెలుగు తెలిసిన నర్సు సెలవులో ఉంది. అందుకని తానే, నేర్చుకున్న తెలుగులో, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది.

"చూడు. ఇది అంతా నీళ్లు. ఈమె నీళ్లు పోసుకుంది. చాలా రోజులు అయింది. సూది పెట్టి తీసేయాలి. లేట్ చేస్తే ప్రాణానికి డేంజర్. ఇవ్వాళే చేరాలి. ఇంట్లో పెద్దవాళ్లను పిలువు."

నీళ్లు పోసుకుంది. అంకిసలో బడికి పోని పిల్లను అడిగినా ఆ మాటకు కడుపుతో ఉందన్న ఒక్క అర్థమే చెబుతుంది.

యాదక్క చీర సర్దుకుని బల్ల దిగింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటికి నడిచింది. డాక్టరమ్మ వెనక నుంచి పిలుస్తూనే ఉంది.

ఇంటికి వచ్చాక యాదక్క ఒకే ఒక్కసారి, "సింధూ, నేను..." అని మొదలుపెట్టింది.

"వద్దు అత్తమ్మ. నాకేం చెప్పకు. నేనేం అనుకోను," అంది సింధూజ.

ఆ మాట తాను దయతో అన్నానని ఆమె అనుకుంది. అనుకుని, చీకటి పడకముందే మొగుడితో చెప్పేసింది. మొగుడు పెద్దబాపుతో చెప్పాడు. ఇక ఆ పూట నుంచి ఈ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు.

ఆపైన ఒక్కొక్కరూ కూడికలు మొదలుపెట్టారు. కక్కడం నెల నుంచి. అత్త బయట చేరి మూడు నెలలైందని సింధూజకు తెలుసు. కడుపు ఉబ్బి కనబడుతూనే ఉంది. అన్నీ సరిపోయాయి. యాదక్కకు నలభై మూడేళ్లు అన్న సంగతి కూడా ఎవరికీ అడ్డం రాలేదు.

"సాంబన్ననే గదా?" అన్నాడు పెద్దయ్య ఇప్పుడు, ఐదోసారికి మాట మార్చి. "ఆయన పడవ చేపలు నువ్వే అంగట్ల అమ్ముతవ్. పోయిన నెలల నాలుగుసార్లు ఆయన బండెనుక కూసోని వచ్చినవ్. నేనొక్కన్నే చూసిన్నా? ఊరంత చూసింది."

యాదక్క కళ్లు ఎత్తి ఆయన వైపు చూసింది. ఏదో అనబోయింది. దానికి సరిపడా గాలి లోపలికి పోలేదు. రెండు చేతులూ దిండ్ల మీద ఊని, నోరు తెరిచి, ఎగబీల్చింది.

"నాటకాలు," అన్నాడు పెద్దయ్య. కానీ గొంతులో ముందున్నంత గట్టితనం లేదు.

సింధూజ దగ్గరికి వెళ్లి అత్త వీపు రాసింది. జాకెట్టు చెమటకు తడిసిపోయింది. వీపు చల్లగా ఉంది. మెడకు రెండు పక్కలా నరాలు వేలు లావున పొంగి ఉన్నాయి. పెదవులకు నేరేడు పండు తిన్న రంగు వచ్చింది. రెండు కడుపులు పోగొట్టుకున్న సింధూజకు కడుపుతో ఉన్న మనిషి ఎలా ఉంటుందో తెలుసు. ఇలా ఉండదు.

సాంబన్న బండి గుర్తొచ్చింది. అంగడి నుంచి బస్టాండు దాకా నడవలేక ఎక్కి ఉంటుంది కదా, అనిపించింది. ఈ ముక్క మొన్న ఎందుకు తట్టలేదో ఆమెకే అర్థం కాలేదు.

"అత్తమ్మా, జర నీళ్లు తాగుతవా?"

యాదక్క తల అడ్డంగా ఊపింది.

"ఏమయ్యా! బండి తియ్యి!" అని సింధూజ వాకిట్లోకి అరిచింది. "అత్తమ్మ పాణం పోయేటట్టున్నది."

అరుణ్‌కుమార్ గుడ్డ పిండుతూ అక్కడి నుంచే అన్నాడు. "పెద్దబాపు చెప్పినంక."

"పేరు తేలనియ్యి," అన్నాడు పెద్దయ్య. "ఇయ్యాల తీయించుకొని వస్తే రేపు ఇంకోటి. మూలం తెల్వకుండ కొమ్మలు నరికి ఏం ఫాయిదా?"

సింధూజ ఫోన్ తీసి నూట ఎనిమిది నొక్కింది.

అరుణ్‌కుమార్ గుడ్డ పారేసి వచ్చాడు. "ఎవలికి చేస్తున్నవ్?"

"అంబులెన్సుకు."

"పిచ్చి లేసిందా నీకు? సైరన్ కొట్టుకుంట వస్తది. ఊరంత వాకిట్ల నిలవడ్తది. ఏమైందని అడుగుతరు. ఏం చెప్తవ్?"

"నిలవడనీ. నువ్వు తీస్కపోకపోతే అదే వస్తది."

ఆమె ఫోన్ చెవికి ఆనించి నిలబడింది. అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. తల్లి మీద జాలితో కాదు, సైరన్‌కు భయపడి. ఏదైతేనేం, బండి కదిలింది.

పెద్దయ్య కూడా పైగుడ్డ భుజాన వేసుకుని ముందు సీట్లో అరుణ్ పక్కన ఇరుక్కున్నాడు. పేరు దవాఖానలో తేలితే తాను అక్కడ ఉండాలి కదా.

దారి పొడుగునా గుంతలే. ఒక్కో గుంతకూ యాదక్క సింధూజ చేయి గట్టిగా పట్టుకుంది. దారి సగం దాటాక పట్టు సడలింది. దాంతో సింధూజకు ఇంకా భయమైంది.

"జల్ది పోనియ్యి," అంది.

"పోతున్న," అన్నాడు అరుణ్. అద్దంలోంచి వెనక్కి చూశాడు. తల్లి తల కోడలి భుజం మీద వాలి ఉంది. సోమవారం తర్వాత ఆమె ముఖం చూడటం అతనికి అదే మొదలు. ఆ తర్వాత గుంతలు చూసుకోకుండానే నడిపాడు.

దవాఖాన మెట్ల దగ్గరే డాక్టర్ ప్రణాలి ఎదురైంది. స్ట్రెచర్ మీద యాదక్కను చూడగానే ఆమె ముఖం ఎర్రబడింది.

"సోమవారం చెప్పాను! మూడు రోజులు! ఎక్కడ ఉన్నారు మీరు? తిరుమలా, బీపీ!"

సోమవారం సెలవులో ఉన్న తిరుమల సిస్టర్‌ది సిరొంచే. పెద్దమనిషి, చేతిలో పని ఆగకుండా నోటితో లోకాన్ని నడిపే రకం. పట్టీ చుట్టి చూసింది. "డెబ్బై ఆరు మేడం. నాడి నూట ముప్పై."

డాక్టరమ్మ నిలబడే జిగురు రాసి మిషన్ ఆనించింది. తెర చూసి, "సూది ఇప్పుడే. చంద్రపూర్ దాకా ఆగదు," అని మరాఠీలో ఏవో సామాన్లు అడిగింది. తిరుమల పరిగెత్తబోయింది.

పెద్దయ్య తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మేడం, ముందుగాల ఒక్క మాట. ఆని పేరు తేలకుండ మేం తీయనియ్యం."

"ఎవరి పేరు?" అంది ప్రణాలి.

"గదే. దీనికి కారణమైనోని పేరు."

"కారణం టీబీ కావచ్చు. ఇంకా టెస్ట్ చేయాలి. జరగండి."

పెద్దయ్యకు టీబీ ఎవరో అర్థం కాలేదు. తిరుమల మాత్రం ఆగిపోయింది. ఆయన ముఖం చూసింది, అరుణ్ ముఖం చూసింది, చివరికి సింధూజ దగ్గర ఆగింది.

"దేనికి కారణమమ్మా? ఏం మాట్లాడుతుండు ఈయన?"

"కడుపుకు," అంది సింధూజ.

"ఏం కడుపు? ఎవలి కడుపు?"

"మేడమే చెప్పింది సిస్టర్. మిషిన్ పెట్టి చూసి చెప్పింది. నీళ్లు పోసుకున్నదని. సూది పెట్టి తీసెయ్యాలెనని."

తిరుమల నుదురు కొట్టుకుంది. కొట్టుకున్న చప్పుడు గదంతా వినిపించింది. "అయ్యో నా దేవుడా! మేడం, ఏం చెప్పిన్రు మీరు వీళ్లకు?" అని, ఆ తర్వాత గబగబా మరాఠీలో నాలుగు ముక్కలు చెప్పింది.

ప్రణాలి చేతిలో మిషన్ అలాగే ఉండిపోయింది.

"గర్భిణులు వస్తారు," అంది నెమ్మదిగా. "'నీళ్లు పోసుకున్న మేడం' అంటారు. నేను తెరలో చూస్తాను. శిశువు చుట్టూ నీళ్లు ఉంటాయి. నీళ్లు చేరితే ఆ మాటే అంటారని అనుకున్నాను. నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా."

ఆమె మిషన్‌ను మళ్లీ యాదక్క ఛాతీ కింద ఆనించింది.

"ఇటు రండి. ముగ్గురూ," అని ఆమె తెరను వాళ్ల వైపు తిప్పింది. "ఇది కడుపు కాదు. గుండె. చుట్టూ నల్లగా ఉన్నది నీళ్లు. గుండె చుట్టూ ఉండే సంచిలో నీళ్లు నిండి గుండెను నొక్కుతున్నాయి. విప్పుకోవడానికి చోటు లేదు. అందుకే ఊపిరి లేదు, కాళ్ల వాపు, వాంతి, పొట్ట ఉబ్బడం. అన్నీ దీనివల్లే."

తెర మీద గుండె, నిండు గిన్నెలో వేసిన నిమ్మకాయలా, అటూ ఇటూ ఊగుతోంది. చదువు లేనివాడికైనా అర్థమయ్యే బొమ్మ అది. అరుణ్‌కుమార్ ఒక్కసారి చూసి డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"తియ్యండి మేడం," అన్నాడు. "ఏం తియ్యాలెనో తియ్యండి. ఏడ సంతకం పెట్టాలె?"

తిరుమల కాగితం తెచ్చింది. అరుణ్ చేయి చాపాడు. అప్పుడు బల్ల మీది నుంచి యాదక్క చేయి లేచింది. వేళ్లు కాగితం కోసం తడిమాయి.

"ఆమెకు తెలివి ఉంది. ఆమె పెడితేనే మంచిది," అంది ప్రణాలి.

యాదక్క పుట్టిల్లు గోదావరి అవతల. అయిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. మరాఠీ కాగితం మీద, తిరుమల చూపిన గీత పైన, తెలుగులో 'యాదక్క' అని మూడు అక్షరాలు పెట్టింది. చివరి అక్షరానికి కలం జారిపోయింది.

ముగ్గురినీ బయటికి పంపేశారు. తలుపు పూర్తిగా మూయలేదు. సందులోంచి సింధూజకు డాక్టరమ్మ వీపు, తెర, గోడకు ఆనించిన ఫోన్ కనిపిస్తున్నాయి. ఫోన్‌లో నాగపూర్ నుంచి పెద్ద డాక్టరు ఎవరో చూస్తున్నాడు. డాక్టరమ్మ ఎడమ చేతిలో మిషన్, కుడి చేతిలో పొడుగాటి సూది. తెరలో సూది తెల్లటి గీతలా నల్లటి నీళ్లలోకి దిగింది. ఎక్కడికి పోతున్నదీ చూస్తూ, వెంట్రుకవాసి చొప్పున దించింది. చూడకుండా దించితే తగిలేది గుండెకే.

సిరంజి నిండింది. పల్చటి ఎర్ర నీళ్లు. రెండోది. మూడోది. తిరుమల బీపీ చూస్తూ పైకే చెబుతోంది. నాలుగోది నిండేసరికి, "ఎనభై ఎనిమిది మేడం," అంది. ఆరోదానికి, "నూట రెండు."

ఏడో సిరంజి తీస్తుండగా యాదక్క ఊపిరి పీల్చింది. అంత పొడుగు ఊపిరి ఆ ఇంట్లో నెల రోజులుగా ఎవరూ వినలేదు. సింధూజ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వరండాలో పెద్దయ్య తలుపు మీద పిల్ల బొమ్మను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఎంత పరేషాన్ చేసింది ఈ డాక్టరమ్మ! తెలుగు రానప్పుడు తెలుగు ఎందుకు మాట్లాడాలె? తప్పంత ఆమెదే."

ఆయన ముఖంలో మూడు రోజుల తర్వాత కాస్త నెమ్మది కనిపించింది. దొరకక దొరకక ఆయనకు ఒక పేరు దొరికింది మరి.

పళ్లెం పట్టుకుని బయటికి వస్తున్న తిరుమల ఆ మాట విన్నది. "ఆమెకు తెలుగు రాదు, నిజమే," అంది. "మీకు వచ్చు గదా పెద్దయ్యా?"

ఆయన పైగుడ్డ సర్దుకుని వరండా చివరికి నడిచాడు.

గంట తర్వాత లోపలికి రానిచ్చారు. యాదక్క వెల్లకిలా పడుకుని ఉంది. ఛాతీ కింద సన్నటి గొట్టం, దాని చివర సంచి. పెదవుల రంగు మారింది. డాక్టర్ ప్రణాలి మంచం పక్కన నిలబడి, రెండు చేతులూ జోడించి, ఈసారి కూడా నర్సు చేత చెప్పించకుండా తానే అంది.

"నా తప్పు, యాదక్కా. నాకు మాట తెలియలేదు. అడిగి తెలుసుకోవాల్సింది."

యాదక్క ఆమె వైపు చూసి చిన్నగా తల ఊపింది. "నువ్వు పరాయి పిల్లవు," అంది. అంతే అంది.

అరుణ్‌కుమార్ మంచం కాళ్ల వైపు కూలబడ్డాడు. "అమ్మా, తప్పయింది. కొట్టు నన్ను." తల్లి పాదాలు పట్టుకున్నాడు. వాపు మీద అతని వేళ్లు దిగబడ్డాయి. ఆమె కాళ్లు వెనక్కి లాక్కోలేదు. తల నిమరనూ లేదు.

"అత్తమ్మా," అంది సింధూజ. జారిన దుప్పటిని ఆమె పొట్ట దాకా లాగింది.

ప్రణాలి కాగితాలు సర్దింది. నీళ్లు టెస్టుకు పంపాలి. గొట్టంతోనే చంద్రపూర్ పెద్ద దవాఖానకు తీసుకెళ్లాలి. మళ్లీ నిండితే అక్కడ మిషన్లు ఉన్నాయి, గుండె డాక్టర్లు ఉన్నారు. ట్రస్టు అంబులెన్సు సిద్ధంగా ఉంది. జిమల్‌గట్ట, నాగేపల్లి మీదుగా దారి, సాయంత్రానికి గానీ చేరదు. ఎన్ని రోజులు ఉండాలో ఇప్పుడే చెప్పలేం.

"వెంట ఒక్కరికే చోటు," అంది తిరుమల, కలం తీస్తూ. "రేయింబగళ్లు దగ్గర ఉండాలె. మందులు తెచ్చుడు, సంచి చూసుడు, ఎత్తి కూసోబెట్టుడు, అన్ని వాళ్లే. పేరు ఈడ రాయాలె. ఎవలు వస్తరు?"

"నేను," అన్నాడు అరుణ్.

"ఆడమనిషి ఉండాలె గదా సిస్టర్, నేను పోత," అంది సింధూజ.

"కన్నకొడుకు పోవుడే పద్ధతి," అన్నాడు పెద్దయ్య గుమ్మం దగ్గర నుంచి. "కొడుకు పేరే రాయి."

తిరుమల రాయబోయింది.

"సిస్టర్, ఆగు," అంది యాదక్క.

గొంతు సన్నగా ఉంది. కానీ మాట మధ్యలో తెగలేదు. ఊపిరి కోసం ఆగాల్సిన పని ఇప్పుడు ఆమెకు లేదు.

"ఎవలి పేరు రాయమంటవ్ అక్కా?"

యాదక్క కొడుకును చూసింది. కోడలిని చూసింది. చివరికి గుమ్మంలో ఉన్న పెద్దయ్యను చూసింది.

"సోమవారం నుంచి అందరు నన్ను పేరు అడిగిన్రు," అంది. "నీకేమైంది అని ఎవలన్న అడిగి ఉంటే, వాళ్ల పేరు రాయి."

తిరుమల కలం పట్టుకుని ముగ్గురి వైపూ చూసింది. కాగితం మీద పేరు రాసే గీత ఖాళీగానే ఉంది.